అట్టపెట్టెలో దొరికిన చెస్ రివ్యూలు: పాత అమెరికన్ చదరంగ పత్రికల ముచ్చట్లు

ఎడిసన్_రామం (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. పోయిన శనివారం మా ఊరి లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్ముతుంటే వెళ్లాను. పిల్లల పుస్తకాల బల్ల కింద ఒక అట్టపెట్టె కనపడింది. తెరిచి చూస్తే అన్నీ 'చెస్ రివ్యూ' పత్రికలు. 1951 నుంచి 1958 దాకా ఉన్నాయి, మధ్యలో కొన్ని లేవు. పెట్టె మొత్తం 12 డాలర్లన్నారు. బేరమాడబుద్ధి కాలేదు. డిక్కీలో పెట్టుకుని వచ్చేశాను.

మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. ఇప్పటిదాకా నాకు చదరంగం అంటే ఫోన్లో మూడు నిమిషాల ఆటే. ఈ పత్రికల్లో మనుషులున్నారు. కళ్లజోళ్లు, టైలు, సిగరెట్ పొగ, బల్లకి అటూ ఇటూ వంగి కూర్చున్న ముఖాలు. ఎక్కడో చిన్న ఊరి క్లబ్బులో ఎవరు గెలిచారో కూడా వేశారు.

రెండు సందేహాలు. ఒకటి, ఎత్తులన్నీ 'పి-కె4' అన్నట్టు రాసి ఉన్నాయి, నాకు తలా తోకా తెలియడం లేదు. రెండోది, ప్రతి సంచికలో ఒక పేజీ నిండా పట్టిక ఉంది. ఈ పత్రికలు ఎవరివో గానీ ఆ పట్టికలో పెన్సిల్‌తో అంకెలు వేసుకున్నారు. ఒక సంచికలో ఆ పేజీ దగ్గర సన్నగా కోసిన అట్టముక్క కూడా ఉంది. ఏమిటిది?

ఏడోవరుస_ఏనుగు (డాలస్)

రామం గారూ, మంచి సరుకు పట్టారు. ముందు రాత పద్ధతి సంగతి చెప్తాను. అది వస్తే మిగతాది దానంతటదే వస్తుంది.

దాన్ని డిస్క్రిప్టివ్ నొటేషన్ అంటారు. ఇప్పుడు ఒక్కో గడికి ఒక్కటే పేరు, ఎవరు ఆడినా ఇ4 అంటే ఇ4. అప్పట్లో నిలువు వరుసకి ఆట మొదట్లో అక్కడ నిలబడే పావు పేరు పెట్టేవాళ్లు. రాజు వరుస 'కె', మంత్రి వరుస 'క్యూ', మంత్రి పక్క బిషప్ వరుస 'క్యూబి', అలా. అంకెలు ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెడతారు. అందుకే తెల్లపావులు ఇ4 ఆడినా, నల్లపావులు ఇ5 ఆడినా రెండూ పి-కె4 అనే ఉంటాయి. సిసిలియన్ అనే ఆరంభం అయితే పి-కె4, పి-క్యూబి4. గుర్రానికి 'ఎన్', ఇంకా పాతవాటిలో 'కెటి'. బోర్డు ముందు పెట్టుకుని రెండు వారాలు ఆడితే కళ్లకి అలవాటైపోతుంది. అమెరికా పత్రికలు 1980 దరిదాపుల దాకా ఇదే వాడాయి.

పత్రిక సంగతికొస్తే, చెస్ రివ్యూ 1933 జనవరిలో మొదలైంది. మొదలెట్టింది ఐజాక్ కష్డాన్, అల్ హొరొవిట్జ్. ఇద్దరూ 1931 ప్రాగ్ చదరంగ ఒలింపియాడ్‌లో స్వర్ణం తెచ్చిన అమెరికా జట్టులోవాళ్లే. దేశమంతా పని లేక జనం రోడ్డున పడ్డ రోజుల్లో చదరంగ పత్రిక పెట్టడమంటే ఎంత గుండె ధైర్యమో చూడండి. కష్డాన్ తొందరగానే తప్పుకున్నాడు. హొరొవిట్జ్ మాత్రం 1969 దాకా దాన్ని వదల్లేదు.

ఆ మనిషి పడ్డ కష్టం నేను మా పిల్లలకి క్లాసులో చెప్తుంటాను. కారులో ఊరూరా తిరిగేవాడు. ఒకేసారి చాలామందితో ఆడే ప్రదర్శనలిచ్చేవాడు. 1940 ఫిబ్రవరిలో అయోవా రాష్ట్రంలో అలాంటి యాత్రలోనే ఆయన కారు లారీని గుద్దుకుంది. తోడు వెళ్లిన ఆటగాడు హెరాల్డ్ మోర్టన్ చనిపోయాడు. హొరొవిట్జ్ గాయాలతో బయటపడ్డాడు. కోలుకుని మళ్లీ పత్రిక పనిలో కూర్చున్నాడు. ఐదేళ్ల తర్వాత 1945లో సోవియట్ జట్టుతో రేడియో మ్యాచ్ జరిగితే అమెరికా 15.5-4.5 తేడాతో చిత్తుగా ఓడింది. అందులో సాలో ఫ్లోర్ అనే సోవియట్ ఆటగాడి మీద ఒక గెలుపు, ఒక డ్రా తెచ్చింది ఈయనే.

ఆ పట్టిక గురించి పోస్టుకార్డు గారు చెప్తే బాగుంటుంది. ఆయన ఆ కాలం మనిషి.

కాకినాడ_పోస్టుకార్డు (క్లీవ్‌లాండ్)

రామం గారూ, ఆ అట్టముక్కని దయచేసి పారేయకండి.

ఆ పేజీ పేరు 'సాలిటైర్ చెస్'. హొరొవిట్జ్ గారి శీర్షిక. ఎవరో మాస్టర్ గెలిచిన ఆట ఒకటి ఇస్తారు. మీరు గెలిచినవాడి వైపు కూర్చోవాలి. అచ్చయిన ఎత్తుల మీద అట్టముక్క కప్పి, ఒక్కో గీత కిందకి జరుపుకుంటూ రావాలి. జరిపే ముందు 'ఇక్కడ నేనైతే ఏం ఆడతాను' అని నిర్ణయించుకుని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత జరిపి చూస్తే, మీ ఎత్తూ మాస్టర్ ఎత్తూ ఒకటే అయితే ఆ ఎత్తుకి ఎన్ని మార్కులో పక్కన ఉంటుంది. చివర కూడుకోవాలి. ఆ పెన్సిల్ అంకెలు అవే. ఎనిమిదేళ్లు ఆ మనిషి నెలనెలా తనకి తాను పరీక్ష పెట్టుకున్నాడన్నమాట.

నా కథ కొంచెం చెప్తాను. నేను 1972 ఆగస్టులో చదువుకోవడానికి ఈ ఊరొచ్చాను. మా నాన్నగారు నేర్పిన ఆట నాటు పద్ధతి, బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడిచేది. ఇక్కడికొచ్చేసరికి ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్, సోవియట్ ఆటగాడు స్పాస్కీల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ నడుస్తోంది. హాస్టల్లో టీవీ ముందు చోటు దొరికేది కాదు. షెల్బీ లైమన్ అనే ఆయన ఒక్కో ఎత్తు వచ్చేదాకా గంటల తరబడి బోర్డు దగ్గర నిలబడి చెప్పేవాడు. అలా ఒక్క ఎత్తు కోసం దేశం దేశమే ఎదురుచూడటం నేను మళ్లీ చూడలేదు.

చలికాలం మొదలయ్యాక తోటి విద్యార్థి ఒకాయన క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీకి తీసుకెళ్లాడు. జాన్ జి. వైట్ అనే లాయరు గారు జన్మంతా పోగుచేసిన చదరంగ పుస్తకాలు అక్కడున్నాయి. ప్రపంచంలో అంతకన్నా పెద్ద చదరంగ గ్రంథాలయం లేదు. బయట మంచు, లోపల వెచ్చగా, బల్ల మీద 'చెస్ లైఫ్ అండ్ రివ్యూ' కట్టలు. 1969 నవంబరులో చెస్ రివ్యూని, అమెరికా చదరంగ ఫెడరేషన్ వాళ్ల చెస్ లైఫ్‌ని కలిపేశారు. అప్పుడు ఎడిటర్ బర్ట్ హాక్‌బర్గ్. ఇంటి మీద బెంగ వచ్చినప్పుడల్లా అక్కడికి పోయేవాణ్ని.

ఆ పత్రిక ద్వారానే పోస్టల్ చెస్‌లో చేరాను. పేరు అక్కడి నుంచే వచ్చింది. గ్రూపులో పేర్లు, చిరునామాలు పంపేవాళ్లు. కార్డు మీద ఒక ఎత్తు రాసి, కింద రెండు మాటలు రాసేవాణ్ని. మోంటానాలో గోధుమ రైతు ఒకాయన మంచు ఎంత పడిందో రాసేవాడు, నేను కాకినాడ వానల గురించి రాసేవాణ్ని. ఒక ఆట రెండేళ్లు నడిచింది. అమెరికాలో నా మొదటి స్నేహితుడు ఆయనే, ముఖం ఎప్పుడూ చూడలేదు.

హన్మకొండ_గుర్రం

పోస్టుకార్డు గారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను సర్.

నాకు ఇరవై ఏళ్లు. ఈ పత్రికల్ని కాగితం రూపంలో ఎప్పుడూ ముట్టుకోలేదు. కానీ యుఎస్ చెస్ ఫెడరేషన్ వాళ్లు తమ సైట్లో పాత చెస్ లైఫ్‌లు, చెస్ రివ్యూలు పీడీఎఫ్‌లుగా పెట్టారు. లాక్‌డౌన్‌లో మొదలుపెట్టి ఇప్పటికి చాలానే చదివాను. చెస్ లైఫ్ 1946 సెప్టెంబరు 5న పదిహేను రోజులకొకసారి వచ్చే పేపర్‌గా మొదలైంది. అచ్చం దినపత్రికలాగే కాలమ్‌లు, హెడ్డింగులు. 1961లో మ్యాగజైన్ అయ్యింది.

నన్ను పట్టేసింది రేటింగుల కథ, అంటే ఆటగాడి బలాన్ని ఒక అంకెలో చెప్పే పద్ధతి. అమెరికాలో మొదట కెన్నెత్ హార్క్‌నెస్ రేటింగ్ పద్ధతి పెట్టాడు. ఆయన అంతకుముందు చెస్ రివ్యూలో పనిచేసినవాడే. 1960లో దాని స్థానంలో ఆర్పాడ్ ఎలో లెక్క వచ్చింది. ఎలో అంటే మిల్వాకీలో ఫిజిక్స్ చెప్పే ప్రొఫెసర్. 1970లో ప్రపంచ సమాఖ్య కూడా అదే తీసుకుంది. 2024 డిసెంబరు జాబితాలో మా ఊరి అర్జున్ ఇరిగేసి 2800 దాటినప్పుడు వీధిలో అందరం ఆ అంకె గురించే మాట్లాడుకున్నాం. ఆ అంకె మొదట ఎక్కడ పుట్టిందో పాత చెస్ లైఫ్‌లో చూస్తే ఒళ్లు జలదరించింది.

ఫిషర్ 'గేమ్ ఆఫ్ ది సెంచరీ' కూడా చెస్ లైఫ్‌లోనే ఆ పేరుతో వచ్చింది కదా?

ఏడోవరుస_ఏనుగు (డాలస్)

తమ్ముడూ, అది చెస్ రివ్యూ. 1956 డిసెంబరు సంచిక. ఆ పేరు పెట్టింది హన్స్ క్మోచ్.

ఆట జరిగింది అక్టోబరు 17న, న్యూయార్క్ మార్షల్ క్లబ్బులో, రోజెన్‌వాల్డ్ టోర్నమెంటులో. తెల్లపావులు డొనాల్డ్ బర్న్‌వి. ఫిషర్‌కి 13 ఏళ్లు. 17వ ఎత్తులో మంత్రిని వదిలేసి బిషప్‌ని వెనక్కి తెచ్చాడు. రామం గారి పత్రికలో అది 'బి-కె3' అని ఉంటుంది. అక్కడి నుంచి గుర్రమూ బిషప్పూ కలిసి షా మీద షా ఇస్తూ దొరికిందల్లా తినేశాయి. 41వ ఎత్తుకి కట్టు. క్మోచ్ గొప్పతనం ఏమిటంటే, ఆ టోర్నమెంటులో ఆ కుర్రాడు మామూలుగానే ఆడాడు, పట్టికలో పైనెక్కడా లేడు. అయినా ఒక్క ఆట చూసి 'శతాబ్దపు ఆట' అని రాసేశాడు. శతాబ్దం ఇంకా నలభై ఏళ్లకు పైగా మిగిలి ఉండగానే! రెండేళ్లలో ఆ కుర్రాడు 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

రామం గారూ, మీ పెట్టెలో ఆ సంచిక ఉందా?

లలిత_పైఎత్తు (విజయవాడ)

ఫిషర్ పేరు వచ్చింది కాబట్టి హెర్మన్ హెల్మ్స్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన 1904లో 'అమెరికన్ చెస్ బులెటిన్' పెట్టాడు. పెన్సిల్వేనియాలోని కేంబ్రిడ్జ్ స్ప్రింగ్స్‌లో పెద్ద టోర్నమెంటు జరిగిన ఏడాది అది, అమెరికా ఆటగాడు ఫ్రాంక్ మార్షల్ గెలిచాడు. ఆ పత్రికని హెల్మ్స్ దాదాపు ఆరు దశాబ్దాలు నడిపాడు. 1963 జనవరిలో 93 ఏళ్ల వయసులో పోయాడు, పత్రిక కూడా ఆయనతోనే పోయింది. దాంతోపాటు బ్రూక్లిన్‌లో 'ఈగల్' అనే దినపత్రికకి చదరంగం కాలమ్ రాసేవాడు.

1950 నవంబరులో రెజీనా ఫిషర్ అనే తల్లి ఆ దినపత్రికకి ఒక కార్డు రాసింది. మా అబ్బాయికి ఏడేళ్లు, చదరంగం పిచ్చి, వాడి ఈడు పిల్లలెవరైనా ఆడటానికి వస్తారేమో ప్రకటన వేయగలరా అని. ఆఫీసులో దాన్ని ఏ విభాగంలో వేయాలో తోచక హెల్మ్స్‌కి పంపారు. అప్పటికే ఎనభై నిండిన ఆ పెద్దాయన జవాబు రాశాడు. 1951 జనవరిలో ఫలానా లైబ్రరీలో మాస్టర్ మ్యాక్స్ పేవీ ఒకేసారి చాలామందితో ఆడుతున్నాడు, బాబుని తీసుకురండి అని. తల్లి తీసుకెళ్లింది. పిల్లాడు కాసేపట్లోనే ఓడి ఏడ్చాడు. ఆ ఆట చూస్తున్న కార్మైన్ నిగ్రో అక్కడే వాణ్ని బ్రూక్లిన్ క్లబ్బుకి రమ్మన్నాడు. నేను పిల్లలకి చదరంగం నేర్పుతాను. ఏ తల్లి ఫోన్ చేసినా హెల్మ్స్ గుర్తొస్తాడు, వెంటనే తిరిగి చేస్తాను.

ఇంకా వెనక్కి వెళ్తే 1857లో న్యూయార్క్‌లో 'చెస్ మంత్లీ' వచ్చింది. డేనియల్ ఫిస్క్‌తో పాటు పాల్ మోర్ఫీ సంపాదకుడు. పజిళ్లు చూసుకునేది శామ్ లాయిడ్, అప్పటికి పదహారేళ్ల కుర్రాడు! 1859లో అందులో వచ్చిన ఒక పజిల్ కథ మా క్లాసులో అందరికీ ఇష్టం. స్వీడన్ రాజు 12వ చార్లెస్‌ని బెండర్ దగ్గర తుర్కులు ముట్టడించారు. బయట కాల్పులు జరుగుతుంటే రాజు చదరంగం ఆడుతున్నాడు. 'మూడెత్తుల్లో కట్టు' అన్నాడు. అంతలో తూటా వచ్చి ఆయన గుర్రాన్ని ఎగరగొట్టింది. బోర్డు చూసి, 'పర్వాలేదు, నాలుగెత్తుల్లో కట్టు' అన్నాడు. ఇంకో తూటా ఒక బంటుని తీసుకుపోయింది. 'అయితే ఐదెత్తుల్లో' అన్నాడు. ఈ మూడు కట్లూ ఆ బోర్డు మీద నిజంగానే ఉన్నాయి. నలభై ఏళ్ల తర్వాత ఇంకొకాయన, ఆ మొదటి తూటా గుర్రానికి బదులు ఏనుగుకి తగిలి ఉంటే ఆరెత్తుల కట్టు కూడా ఉందని చూపించాడు.

ఒక్క విషయం మాత్రం నాకు బాధ. నేను చూసినంతలో ఆ పత్రికల్లో ఆడవాళ్ల ఆటకి దక్కిన చోటు తక్కువ. గిసెలా గ్రెసర్ అని ఒకామె ఉండేది. 1938లో ఓడ ప్రయాణంలో చదరంగం నేర్చుకుంది. 1944లో అన్ని ఆటలూ గెలిచి జాతీయ ఛాంపియన్ అయ్యింది. మొత్తం తొమ్మిదిసార్లు ఆ టైటిల్ ఆమెదే. అలాంటి మనిషి ఆటలు ఇంకా ఎన్నో వేసి ఉండాల్సింది. హంపి, హారిక ఆటలు చూస్తూ పెరుగుతున్న మా ఆడపిల్లలకి గ్రెసర్ పేరు నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇంజిన్_అభి (బెంగళూరు)

నాదొక సందేహం, ఎవరినీ నొప్పించాలని కాదు. ఆ పత్రికల్లో విశ్లేషణలు చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం, అదే ఇంజిన్‌లో పెడితే సగం తప్పులు బయటపడతాయి. గుర్తుగా దాచుకోవడం వేరు, నేర్చుకోవడానికి చదవడం వేరు. ఇప్పుడు వాటితో నేర్చుకోవచ్చా?

ఏడోవరుస_ఏనుగు (డాలస్)

అడగాల్సిన ప్రశ్నే. తప్పులుంటాయి, నిజం. ఒక ఉదాహరణ చెప్తాను.

1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో స్పాస్కీ ఆడిన కింగ్స్ గాంబిట్ అనే ఆరంభం మీద ఫిషర్ ఓడిపోయాడు. ఆ మంటతో కూర్చుని, ఆ గాంబిట్ ఇక చచ్చిపోయినట్టేనని ఒక వ్యాసం రాశాడు. 1961లో లారీ ఎవాన్స్ ఎడిటర్‌గా మొదలైన 'అమెరికన్ చెస్ క్వార్టర్లీ' తొలి సంచికలో వచ్చింది. మందు ఏమిటంటే మూడో ఎత్తులో డి6, ఇప్పటికీ దాన్ని ఫిషర్ డిఫెన్స్ అనే అంటాం. మరి ఆ గాంబిట్ చచ్చిందా? లేదు. మూడేళ్లు తిరక్కుండానే అమెరికా ఛాంపియన్‌షిప్‌లో ఫిషర్ తనే కింగ్స్ గాంబిట్ ఆడాడు, గుర్రానికి బదులు బిషప్‌ని ముందు తీసి. ఎదురుగా కూర్చున్నది ఎవరనుకున్నావు? ఆ వ్యాసం అచ్చేసిన ఎవాన్సే. ఫిషర్ గెలిచాడు. ఆ టోర్నమెంటులో 11 ఆటలకి 11 గెలిచాడు.

ఇంజిన్ అయితే ఆ స్థితికి ఒక అంకె చూపించి ఊరుకుంటుంది. వ్యాసంలో ఓడిపోయిన కుర్రాడు బుర్ర బద్దలుకొట్టుకుని ఎలా ఆలోచించాడో ఉంటుంది. ఏది ముందు చూశాడు, దేనికి భయపడ్డాడు, ఎక్కడ మరీ నమ్మకంగా రాశాడు. పిల్లలకి ఆలోచించడం నేర్పాలంటే నాకు అదే కావాలి. తప్పు దొరికితే ఇంకా మంచిది, పిల్లల చేతే పట్టిస్తాను.

1964లో 'చెస్‌వరల్డ్' అనే పత్రికకి ఫిషరే పదిమంది గొప్ప ఆటగాళ్ల జాబితా రాశాడు. మోర్ఫీ, స్టాంటన్ ఉన్నారు, 27 ఏళ్లు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న లాస్కర్ లేడు! ఆ పత్రిక మూడు సంచికలతో ఆగిపోయింది గానీ ఆ జాబితా మీద వాదన అరవై ఏళ్లుగా ఆగలేదు.

సియాటిల్_శేఖర్

నా తరానికి 'ఇన్‌సైడ్ చెస్'. యాసర్ సెయిరావన్ మా ఊళ్లోనే నడిపాడు, 1988 నుంచి 2000 దాకా. నాలుగుసార్లు అమెరికా ఛాంపియన్ అయిన మనిషి, పెద్దపెద్దవాళ్లతో తను ఆడొచ్చి, లోపలి కబుర్లతో సహా రాసేవాడు.

1995లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తులో ఆనంద్, కాస్పరోవ్‌ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. ఎనిమిది డ్రాల తర్వాత తొమ్మిదో ఆట ఆనంద్ గెలిస్తే మా అపార్ట్‌మెంటులో పండగ చేసుకున్నాం. పదో ఆట కాస్పరోవ్ గెలిచాడు. ఆ తర్వాత మ్యాచ్ చేజారింది. ఫలితాలు ముందే తెలుసు, అయినా పత్రిక వచ్చేదాకా టెన్షన్ తగ్గలేదు. పదో ఆట ఎందుకు పోయిందో ఎవరైనా మనిషి కూర్చోబెట్టి చెప్పాలి అనిపించింది. పోస్టు డబ్బా దగ్గరే నిలబడి చదివాను.

హన్మకొండ_గుర్రం

ఈ చర్చ చదివాక పాత చెస్ లైఫ్‌లలో పాల్ బెంకో రాసిన ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) కాలమ్‌లు వరుసగా తీస్తున్నాను. 1970లో ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవాణ్ని తేల్చే క్యాండిడేట్స్ పోటీల దారిలో తన చోటుని ఫిషర్‌కి వదిలేసిన బెంకోయే. ఆయన లేకపోతే పోస్టుకార్డు గారు చూసిన 1972 మ్యాచ్ లేదు. ఆ త్యాగం చేసినాయన దశాబ్దాల పాటు నెలనెలా మనలాంటివాళ్లకి బంటు ఎండింగులు నేర్పుతూ కూర్చున్నాడు.

పోస్టుకార్డు గారూ, మీతో ఒక ఆట కార్డుల మీద ఆడాలని ఉంది సర్. మా పోస్టాఫీసులో విదేశాలకి కార్డు పంపొచ్చో లేదో రేపు అడుగుతాను. చిరునామా మెసేజ్‌లో పెడతాను.

కాకినాడ_పోస్టుకార్డు (క్లీవ్‌లాండ్)

తప్పకుండా నాయనా. తెల్లపావులు నువ్వు తీసుకో. ఎత్తుతో పాటు వానల సంగతి కూడా రాయి.

ఎడిసన్_రామం (న్యూజెర్సీ)

ఆలస్యమైంది, క్షమించండి. ఏనుగు గారూ, 1956 డిసెంబరు సంచిక ఉంది! ఆట మొత్తం బోర్డు మీద పెట్టి ఆడాను. బి-కె3 దగ్గర మా ఆవిడని పిలిచి చూపించాను. ఆమెకి ఆట రాదు, అయినా 'అంత పెద్ద పావుని ఊరికే ఇచ్చేశాడా' అని పక్కన కూర్చుంది.

పెన్సిల్ అంకెలన్నీ వరుసగా ఒక కాగితం మీద ఎక్కించాను. ఆయన 1951లో మొదలుపెట్టినప్పుడు స్కోరు 38. రెండేళ్లు అటూ ఇటూగా అక్కడే ఉంది. 1954లో యాభై దాటాడు. 1957లో ఒక నెల 81 వచ్చింది, ఆ అంకె చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు. 1958 వేసవి తర్వాత పట్టికలు ఖాళీగా ఉన్నాయి.

నిన్న రాత్రి ఆయన అట్టముక్కతోనే 1951 మొదటి సంచిక ఆట ఆడాను. గంటన్నర పట్టింది. ఆయన అంకె కింద, అదే గడిలో, పెన్సిల్‌తో నాది కూడా వేశాను. 29.